ఎవరి తప్పూ లేని వాన

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో ఎల్‌బీ నగర్ చౌరస్తా దగ్గర ఒక నాయకుడికి నేను పత్రికా ప్రకటనలు రాసిపెట్టేవాణ్ణి. డిగ్రీ చేసి ఖాళీగా ఉన్నవాడికి అది సుఖమైన పనే. బోర్లు ఎండిపోతే "పరాయి పాలన పాపం" అని రాయాలి. చెరువు నిండకపోయినా అదే రాయాలి. నేను నమ్మే రాసేవాణ్ణి. అందులో చాలావరకు నిజమేనని ఇప్పటికీ అంటాను.

ఆ ఏడు వాన కుండపోతగా కురిసింది. దిల్‌సుఖ్‌నగర్ వెనక పల్లపు కాలనీలోకి నడుముల్లోతు నీళ్లొచ్చాయి. కారణం అక్కడ అందరికీ తెలుసు. వాన నీళ్లు పోయే నాలా మీద ఫంక్షన్ హాలు కట్టారు. కట్టింది మా నాయకుడి బామ్మర్ది. ఈసారి పరాయి పాలనను తిడితే ఎవరో ఒకరు హాలు మాట ఎత్తుతారు.

నాయకుడు గడ్డం గోక్కుంటూ అన్నాడు. "గా టీవీల చెప్తరు గదా, భూమి వేడెక్కుతున్నదని. గది రాయి."

రాశాను. "ప్రపంచమంతటా వాతావరణం మారిపోతోంది. ఇది మానవాళికే సవాలు. ఇందుకు ఏ ఒక్కరినీ నిందించలేము." మానవాళి అన్న మాట ఆయనకు తెగ నచ్చింది. చాయ్ తెప్పించాడు.

ఆ కాలనీలోనే మా చిన్నాయన కిరాయికి ఉండేవాడు. పోచంపల్లి వైపు నుంచి వచ్చి, ఇంటి ఓనరును బతిమాలి, గచ్చు తవ్వి గుంట మగ్గం వేసుకున్నాడు. నేలలోకి కాళ్లు దించి కూర్చుంటేనే ఆయనకు నేసినట్టు. పల్లంలో గుంట వద్దంటే వినలేదు. నీళ్లు ముందు అందులోకే దిగాయి. రంగులద్ది మగ్గానికి ఎక్కించిన పడుగు నూలంతా పాడైంది. హాలు కూలగొడితే మగ్గం మళ్లీ వేస్తాననీ, లేదంటే వాచ్‌మన్ పనికి పోతాననీ అంటున్నాడు. కాలనీవాళ్లు ధర్నాకు సిద్ధమవుతున్నారు.

నేను వెళ్లేసరికి పేపరు పట్టుకుని కూర్చున్నాడు. చూపు ఆనదు.

"జర చదువు బిడ్డా. వాన గురించి ఏందో రాసిండ్రట."

చదివాను.

చిన్నాయన తడి గచ్చును అరచేత్తో తుడిచాడు. "అట్లనా? నేను ఉత్తగనే గా హాలోళ్లను తిట్టుకున్న. చదువుకున్నోళ్లు అబద్ధమెందుకు రాస్తరు?"

ధర్నాకు పోనన్నాడు. రేపే వాచ్‌మన్ పనికి ఒప్పుకుంటానన్నాడు. నాకు సిగ్గేసింది. రాసింది నేనేనని చెప్పడానికి నోరు తెరిచాను.

"ఇంకోసారి చదువు బిడ్డా," అన్నాడు. "మీ చిన్నమ్మ కూడ ఇంటది."

చదివాను.