రాగిరేకు మీద అడ్డగీత

నా చిన్నప్పుడు కువైట్‌లో, మంగఫ్‌లోని మా బిల్డింగు పై వాటాలో ఒక ఇంగ్లీషు తాతయ్య ఉండేవారు. ఏదో బడిలో బొమ్మలు నేర్పేవారు గానీ, ఆయన అసలు విద్య రాగిరేకు మీద చెక్కడం. సన్నటి ఉలితో గీతలు చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చు తీసేవారు. అన్నీ మా బిల్డింగు వాళ్ల వెక్కిరింత బొమ్మలే. పొట్ట ఉన్నవాళ్లకి ఇంకాస్త పొట్ట, ముక్కు ఉన్నవాళ్లకి ఇంకాస్త ముక్కు. మా నాన్న చెవులైతే చేటలే. నాన్న మురిసిపోయి ఆ బొమ్మకి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నారు.

మా పిన్ని అరబ్బుల ఇంట్లో పనిచేసేది. వాళ్ల మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, శుక్రవారం ఒక్కరోజు సెలవిచ్చేది. ఆ రోజు పిన్ని వచ్చి మా సోఫాలో ఒళ్లు తెలియకుండా నిద్రపోయేది. తాతయ్య ఎప్పుడు చూశారో ఏమో, ఒక శుక్రవారం కొత్త బొమ్మ మొదటి అచ్చు మా ఇంటికి పట్టుకొచ్చారు. అందులో పిన్ని నోరు తెరుచుకుని గురకపెడుతోంది. ఆ గురకకి కర్టెన్లు ఎగిరిపోతున్నాయి, పిల్లలం గోడల్ని కరుచుకుని ఉన్నాం. అబ్బో, పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. వాటాకో కాపీ ఇస్తానని చెప్పి తాతయ్య పైకెళ్లారు.

పిన్ని నవ్వలేదు. వంటింట్లోకి వెళ్లి గిన్నెలు తోముతూ మా అమ్మతో అంది.

"వారమంతా కాళ్లమీదే ఉంటానక్కా. పడుకున్న ఒక్క పూటే కనపడిందా ఆయనకి?"

నాకు ఏడుపొచ్చేసింది. గబగబా మెట్లెక్కి, నాకొచ్చిన ఇంగ్లీషులో ఆ మాట తాతయ్యకి చెప్పేశాను. సరదాకేగా అంటారనుకున్నాను. అనలేదు. ఉలి తీసుకుని, నెల్లాళ్లు కూర్చుని చెక్కిన ఆ రేకు మీద ఈ చివర నుంచి ఆ చివరకి అడ్డంగా గీత లాగేశారు.

"ఆవిడ నవ్వలేదుగా. ఇంక ఇది అచ్చు పడకూడదు" అన్నారు. ఉన్న ఒక్క కాగితాన్నీ పిన్ని చింపేసినా సరేనని చెప్పమన్నారు.

మరుసటి శుక్రవారం పిన్ని నిద్ర మానుకుని, గారెలు వండి పైకి తీసుకెళ్లింది. ఈసారి మెలకువగా ఉండగా చెక్కమని నాచేత చెప్పించింది. కొత్త బొమ్మలో పిన్ని పాదాలు గుమ్మం పట్టనంత పెద్దవి. అది చూసి అందరికంటే ముందు పిన్నే నవ్వింది.

మా ఇంట్లో నా వెక్కిరింతలకి దొరకనివాళ్లు ఇప్పటికీ లేరు. అయితే మాట విసిరాక ముందు ఆ మనిషి మొహం చూస్తాను. అక్కడ నవ్వు కనపడలేదా, ఖలాస్, పక్కవాళ్లు ఎంత పగలబడి నవ్వుతున్నా ఆ మాట మళ్లీ నా నోట రాదు.