రాతి పడక కింద నుంచి బెల్లు

నమ్మితే నమ్మండి, లేదంటే లేచి వెళ్లి పడుకోండి. నేను కథలు అల్లే మనిషిని కాను. ఇరవై ఏళ్లకు పైగా చాంపియన్ రీఫ్స్ బంగారు గనిలో షాఫ్ట్ దగ్గర, అంటే లోపలికి దిగే నిలువు గుంత దగ్గర, పనిచేశాను. చీకటంటే జడిసేవాడికి ఆ ఉద్యోగం ఒక్క వారం కూడా నిలవదు. ఇంట్లో జరిగినదానికి మా వదిన సాక్షి. కొండ మీద జరిగినదానికి మాత్రం నేనొక్కణ్ణే... అదే నా ఖర్మ.

ముందు మా పని సంగతి చెప్పాలి. గనిలోకి మనుషుల్ని దించే ఇనుప తొట్టిని కేజ్ అనేవాళ్లం. కింద కేజ్ దగ్గర మా అన్న మునెప్ప. పైన నేను. మనుషులు ఎక్కాక అన్న కింద నుంచి బెల్లు కొట్టేవాడు. మూడు దెబ్బలు... కాస్త ఆగి ఒకటి. మూడంటే లోపల మనుషులున్నారని. ఒకటంటే పైకి లాగమని. నేను విని, మళ్లీ అలాగే మూడూ ఒకటీ కొట్టాలి. నేను బదులిచ్చేదాకా కేజ్ కదలదు. అందరూ మూడుకీ ఒకటికీ మధ్య చిటికెసేపు ఆగేవాళ్లు. అన్న ఇంకొంచెం ఎక్కువ ఆగేవాడు. ఎవరి చెయ్యైనా కాలైనా బయట ఉందేమోనని ఆఖరిసారి చూసుకునేవాడు. కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి, ఇది మా అన్న బెల్లని.

ఒకసారి బీడీ ముట్టించుకుంటూ బదులు ఆలస్యం చేశాను. షిఫ్టు అయ్యి పైకి వచ్చాక అందరి ముందూ నా చెంప పగలగొట్టాడు. "బెల్లు ఇన్నాక బదులియ్యకుండా ఉండేది పాపంరా. కింద చీకట్లో మనుసులు నిలబడుకోని ఉంటారు" అన్నాడు. ఆ మాట నా ఎముకల్లో ఇంకిపోయింది.

గనులు మూతపడి చాలా కాలమైంది. రాతిదుమ్ము మాత్రం అన్న ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయింది. పోయిన ఎండాకాలం మంచం పట్టాడు. తర్వాత అన్నం మానేశాడు. వద్దని నోరు బిగించేవాడు. నేను ఊరుకుంటానా? వదిన తల పట్టుకుంటే నేను గంజి పోసేవాణ్ణి. సగం దిండు మీదికి పోయేది. ఆయన కళ్లలో నీళ్లు, నా కళ్లలో నీళ్లు. ఆహారం పోయడానికి ముక్కులో గొట్టం వేయాలా వద్దా, ఆలోచించుకుని రేపు చెప్పండి అన్నాడు డాక్టరు. వదిన ఆ బరువంతా నా మీదే పెట్టింది. నేనైతే వేయించాలనే అనుకున్నాను. చిన్నప్పటి నుంచి నాకు అమ్మా నాన్నా ఆయనే. ఎలా వదులుకుంటాను?

ఆ మధ్యాహ్నం అన్న నా చెయ్యి పట్టుకుని, రాతి పడకల కొండ మీది దొన నీళ్లు ఒక్క గుక్క తెచ్చిస్తావా అని అడిగాడు.

ఆ కొండ ముళబాగిలు వైపు, కురుడుమలె దాటాక వస్తుంది. పేరు చెప్పను, మీరు ఎగబడి పోతారు. కుర్రతనంలో సెలవు రోజున కురుడుమలె వినాయకుడికి దండం పెట్టుకుని ఇద్దరం అక్కడికి పోయేవాళ్లం. పైన ఒక గుహ. అందులో బండలోనే తొలిచిన పడకలు, తలగడ కూడా రాయే. బౌద్ధులవని కొందరు, జైనులవని కొందరు అంటారు. ఎప్పుడైనా తెల్లబట్టలు కట్టుకున్న జైనులు చెప్పుల్లేకుండా ఎక్కి దండం పెట్టుకుని పోతారు. గుహ పక్కనే దొన... రాతిగుంటలో చల్లటి నీళ్లు, ఎండాకాలంలో కూడా ఎండవు. అవి తాగితే అన్నకు ఆకలి పుడుతుందేమోనని నా ఆశ. మోపెడ్ తీసుకుని బయలుదేరాను.

కొండ కింద రాగిచేనులో ఒక ముసలి రైతు ఉన్నాడు. మొగులు చూసి, వాన పడితే దిగొద్దు, బండ జారుతుంది అని హెచ్చరించాడు. ఎందుకొచ్చావని అడిగితే అన్న సంగతంతా చెప్పాను. గొట్టం సంగతి కూడా. ఆయన గుహ వైపు చెయ్యి చూపించాడు.

"ఆడ పండుకున్నోళ్లంతా అన్నమూ నీళ్లూ వాళ్లంతట వాళ్లే వదిలినోళ్లప్పా" అన్నాడు. "పక్కన ఇంగొకరు కూచోనుండేవారంట. తినమని బలవంతం చేసేది లేదు. ఊరికే తోడుండేది."

నాకు ఒళ్లు మండింది. మా అన్న సన్న్యాసి కాదు, ఆయనకు ఇల్లూ పెళ్లామూ ఉన్నాయని విసురుగా అనేసి కొండెక్కాను.

సీసా నింపుకునేసరికి వాన దిగింది. అలాంటిలాంటి వాన కాదు. బండ మీది మెట్ల గాట్లు కనిపించనంత నీళ్లు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. గుహలోకి దూరాను. చీకటి పడింది. పెద్ద పడక పక్కన పీటంత ఎత్తున చిన్న రాతి అరుగు ఉంది. దాని మీద కూర్చున్నాను. రైతు చెప్పిన తోడుండే మనిషి చోటు అదేనని కూర్చున్నాక తట్టింది. లేవబుద్ధి కాలేదు. సీసా ఒళ్లో పెట్టుకున్నాను.

ఎప్పటికో వాన ఆగింది. దొనలో చుక్కలు పడుతున్నాయి... చప్... చప్... తర్వాత అవీ ఆగాయి.

అప్పుడు... టక్.

పట్టించుకోలేదు. ఎండకు కాగిన బండ చల్లబడితే చిట్లుతుంది. రాయి చప్పుడు చేయడం నాకు కొత్తా?

టక్... టక్... టక్.

ఊపిరి బిగపట్టాను. చప్పుడు లేదు. ఇంకా లేదు... చిటికెసేపు దాటింది...

టక్.

పడక మీద అరచెయ్యి పెట్టాను. మళ్లీ వచ్చింది. మూడు... చాలా ఆగి... ఒకటి. రాయి కింద నుంచి. దెబ్బ దెబ్బకీ అరచెయ్యి అదిరింది. ఆ ఆగడం ఎవరిదో నాకు తెలుసు.

చూసుకుంటే నా కుడిచేతిలో ఒక రాయి ఉంది. ఎప్పుడు తీసుకున్నానో తెలియదు. చెయ్యి అలవాటు ప్రకారం పైకి లేచింది... ఆపేశాను. బదులిస్తే కేజ్ కదులుతుంది. కేజ్‌లో ఎవరున్నారు? "ఎవరప్పా అది?" అన్నాను. కాసేపటికి మళ్లీ అదే బెల్లు.

ఎంతసేపని చెప్పను! చెవులు మూసుకున్నాను. దెబ్బ అరుగులోంచి వెన్నులోకి ఎక్కింది. దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. ఆగింది అనుకునేసరికి మళ్లీ మొదలు. విసుగూ లేదు, కోపమూ లేదు. అడుగుతోంది, అంతే.

తెల్లవారుజాము అయ్యేసరికి దెబ్బలు సన్నబడ్డాయి. మూడోది వినబడీ వినబడకుండా వచ్చింది. ఒకటి కోసం చూస్తే... రాలేదు. చాలాసేపటికి, గోరుతో గీకినట్టు వచ్చింది. కింద చీకట్లో మనుషులు నిలబడుకుని ఉంటారన్న మాట గుర్తొచ్చింది. రాత్రంతా నిలబెట్టాను కదా అనిపించింది. ఏడుపు ఆగలేదు. "ఉండన్నా, ఇస్తాను" అన్నాను.

రాయెత్తి పడక మీద కొట్టాను. మూడు... ఒకటి.

అంతా ఆగిపోయింది. ఒక్క క్షణం. తర్వాత... నేలలోంచి వెచ్చటి గాలి మొహాన్ని తోసుకుంటూ పైకి పోయింది. కేజ్ పైకి వచ్చేముందు షాఫ్ట్‌లోంచి వచ్చే గాలి. అదే తడి, అదే ఇనుము వాసన. వానకు తడిసిన కొండ గుహలో ఆ వాసన ఎక్కడిదో మీరే చెప్పండి.

వెలుగు రాగానే దిగాను. మోపెడ్ ఎలా నడిపానో గుర్తు లేదు. ఇంటి ముందు జనం ఉంటారనుకున్నాను. ఎవరూ లేరు. అన్న ప్రాణంతోనే ఉన్నాడు. రాత్రంతా ఒక్క దగ్గు కూడా లేకుండా, చేతులు రొమ్ము మీద పెట్టుకుని కదలకుండా పడుకున్నాడని వదిన చెప్పింది. తను కళ్లు మూయలేదట.

దొన నీళ్లు చెంచాతో పట్టాను. ఒక్క గుక్క మింగాడు. నన్ను తేరిపార చూశాడు.

"రాత్రి బదులొచ్చింది చిన్నోడా" అన్నాడు. "కొట్టింది నువ్వేనా?"

ఆయన చెయ్యి పట్టుకున్నాను. అంతలో వదిన అలవాటుగా గంజి తెచ్చింది. అన్న నోరు బిగించాడు. నేను లోటా అందుకుని కింద పెట్టేశాను. డాక్టరుకి గొట్టం వద్దని చెప్పాను. మంచం పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. మూడో రోజు తెల్లవారుజామున అన్న పోయాడు. మొహంలో బాధ లేదు.

బండ చిట్లిన చప్పుడని మా అల్లుడు అంటాడు. కాదనడానికి నా దగ్గర ఏముంది? భయంలో కల కన్నావని ఇంకొకరు అంటారు. అదీ అయి ఉండొచ్చు. కొట్టింది నువ్వేనా అని అన్న అడిగింది దేని గురించో ఆయన ఉండగా తిరిగి అడిగే ధైర్యం నాకు చాలలేదు.

ఆ బెల్లుకి నా జన్మలో వేల సార్లు బదులిచ్చి ఉంటాను. షిఫ్టు ఆఖరి కేజ్‌లో అన్న వచ్చేవాడు. నేనే తలుపు తీసేవాణ్ణి, దుమ్ము కొట్టుకున్న ఆయన మొహం కనిపించేది. ఆ రాత్రీ బదులిచ్చాను. గాలి తగిలింది. కేజ్ పైకి పోయింది. కానీ పైన తలుపు తీసింది ఎవరో... నాకు తెలియదు.