అడ్డగీత కొట్టిన కాగితం

"అడ్డగీత కొట్టిన కాగితం నాదని మీరే కదండీ అన్నారు?"

"అన్నాను. ఈ ఒక్కటీ కాదు."

"ఈ ఒక్కటీ కాదని దాని మీద రాశారా?"

"రాస్తే చదువుతావా నువ్వు?"

"మూడో తరగతి చదివాను. 'వద్దు' అన్న ముక్క చదవగలను."

ఇదీ మా ఆయనతో నా తగువు. జీవితమంతా కాలేజీలో లెక్కలు చెప్పి, ప్రొఫెసరుగా రిటైరై, మణికొండలో మా అబ్బాయి ఫ్లాటుకి వచ్చాక కూడా ఆయన లెక్కలు మానలేదు. ఒక్కటే లెక్క, ఏళ్ల తరబడి. ఆఫీసులో ఒకవైపే అచ్చయిన కాగితాలు మా అబ్బాయి తెచ్చేవాడు. రెండోవైపు ఈయన రాసేవారు. తప్పని తేలితే ఈ మూల నుంచి ఆ మూలకి గీత కొట్టి వంటింట్లో నా దొంతరలో పెట్టేవారు. కొత్త కాగితం మీద నూనె వార్చే అలవాటు నాకు లేదు. డబ్బాల కిందికీ, గారెల కిందికీ అవే.

ఆ రోజు పొద్దున కొట్టిన గీత తొందరపాటని మధ్యాహ్నం నిద్ర లేచాక ఆయనకు తోచింది. అప్పటికి ఆ కాగితంలోనే నాలుగు గారెలు చుట్టి పనిమనిషికి ఇచ్చేశాను. ఆమె నానక్‌రామ్‌గూడ వెళ్లిపోయింది. ఫోన్ చేశాను.

"గారెలు తిన్నంక కాయితం ఎవరు దాస్తరమ్మా? సరే, దేవులాడి చూస్త. సారుని పరేషాన్ కావద్దను."

ఈయన చెప్పులేసుకున్నారు, ఆటోలో తానే పోతానని. ఆఫీసులు వదిలే వేళ. తలుపుకి అడ్డంగా నిలబడ్డాను.

"అది పోతే మళ్లీ నాకు తట్టదే. నీకు తెలియదు."

"ఎలా తెలుస్తుంది? ఇన్నేళ్లలో ఆ లెక్కేమిటో ఒక్కసారి చెప్పారా?"

"చెబితే అర్థమవుతుందా?"

"గారె ఎలా వేస్తానో అర్థమయ్యాకే తింటున్నారా మీరు?"

ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. వండినదంతా ఫ్రిజ్‌లో పెట్టాను. ఆయన పాత విద్యార్థులు, నెత్తి నెరిసినవాళ్లు, మా ఇంటికొచ్చి కుర్చీ అంచున కూర్చునేవారు. వాళ్లకి గంటలు గంటలు ఓపికగా చెప్పేవారు. నాకు మాత్రం, పాలు పొంగుతున్నాయని చెప్పడానికి కూడా రాసే చెయ్యి ఆపేవారు కాదు. ఆయన పోయి ఏడాదైంది. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

మర్నాడు పొద్దున పనిమనిషి వచ్చి, మడత పెట్టిన కాగితం ఆయన చేతికిచ్చింది.

"చెత్తబుట్టల దొరికింది సారూ. జర నూనె అంటింది, ఏమనుకోకుండ్రి."

దాన్ని ఆయన బల్ల మీద పరిచారు. నూనెకి అవతలి అచ్చు ఇవతలికి కనబడుతోంది. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ఒక్కో వరుసా వేరే కాగితంలోకి ఎత్తి రాసుకున్నారు. ఇడ్లీ పెట్టి రెండుసార్లు పిలిచాను, రాలేదు. చాలాసేపటికి లేచారు. కొత్తగా రాసిన కాగితం మీద ఈ మూల నుంచి ఆ మూలకి గీత కొట్టారు. రెండు కాగితాలూ తెచ్చి నా దొంతరలో పెట్టి, చల్లారిన ఇడ్లీ తిన్నారు.