రెండింటికి వచ్చే కరెంటు

నిన్న పోపులో ఎండుమిర్చి మాడింది. ఆ ఘాటుకు దగ్గొచ్చింది. దగ్గుతూనే గోడ గడియారం వైపు చూశాను. దేవదానం మాస్టారు పోయి ఇన్నేళ్లయినా ఈ అలవాటు నన్ను వదల్లేదు.

గుంటూరులో మిర్చి యార్డుకు దగ్గర్లో ఆయనకు చిన్న కంప్యూటర్ సెంటర్ ఉండేది. మౌస్ పట్టుకోవడం కూడా రాని నాకు ఓపిగ్గా నేర్పి, రెండేళ్లకు నన్నే పాఠాలు చెప్పమన్నారు. భార్య సుశీలమ్మగారు పోయిన నెలకు, తన కంప్యూటర్‌లో విండోస్ పక్కనే లినక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఎక్కించే పని నాకు అప్పగించారు.

"విండోస్ తీసేద్దామాండీ? చోటు కలిసొస్తుంది," అన్నాను.

"వద్దమ్మా! అందులో సుశీల గొంతుంది. విండోస్ తెరుచుకోగానే పిలుస్తుంది. సరదాకి తనే పెట్టింది. ఇంకెక్కడా లేదు. చెరపలేను, వినలేను. ఇక నేను లినక్స్‌లోనే పని చేసుకుంటా."

డిస్కును రెండు భాగాలు చేస్తున్నంతసేపూ ప్రతిదీ రెండేసిసార్లు సరిచూసుకుని నొక్కాను. ఒక్కటి తప్పు నొక్కితే ఆవిడ రెండోసారి పోయినట్టే. ఎలాగో గండం గడిచింది. ఇక ఆన్ చేయగానే రెండింట్లో ఏది తెరవాలో కంప్యూటర్ అడుగుతుంది. పది సెకన్లు ఎవరూ ఏమీ నొక్కకపోతే తనంతట తనే ఒకదాన్ని తెరుస్తుంది. అది లినక్స్ కావాలి. కంగారులో నేను విండోస్ పెట్టేశాను.

మర్నాడు రోజూలాగే పన్నెండింటికి కరెంటు తీసి, రెండింటికి ఇచ్చారు. కరెంటు రాగానే దానంతట అదే ఆన్ అయ్యే కంప్యూటర్ అది. మాస్టారు వెనక గదిలో చేతులు కడుక్కుంటున్నారు. నేను చూసుకునేలోపే పది సెకన్లు అయిపోయాయి.

"ఏమండీ, వచ్చారా? భోజనానికి రండి." ఆ వెంటే, మిరప ఘాటుకు చిన్న దగ్గు.

"ఆఁ, వస్తున్నా," అన్నారు మాస్టారు లోపల్నుంచి, మామూలుగా.

ఆయన తడిచేతులతో గుమ్మంలోకొచ్చి అలాగే నిలబడిపోయారు. "తప్పు నాదేనండీ, ఇప్పుడే మార్చేస్తాను," అంటూ ఏడ్చేశాను.

"ఉండనీ అమ్మా," అన్నారు.

అప్పట్నుంచి రోజూ రెండింటికి ఆవిడ పిలిచేది, ఆయన పలికేవారు. ఆ తర్వాతే క్యారేజీ విప్పేవారు. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు భయపడి ఆ వేళకు రావడం మానేశారు. నేను ఉండేదాన్ని. నాకూ భయమే, కానీ ఆయన్ని ఒంటరిగా వదలబుద్ధి కాలేదు.

మాస్టారిని సమాధి చేసిన మర్నాడు సెంటర్ తాళం తీసి కూర్చున్నాను. రెండింటికి కరెంటు వచ్చింది.

"ఏమండీ, వచ్చారా? భోజనానికి రండి." దగ్గు.

వెనక గదిలోంచి ఎవరూ పలకలేదు.

"మీ దగ్గరికే వచ్చేశారమ్మా," అన్నాను.

ఆ కంప్యూటర్ ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఆ రోజు తర్వాత దానికి కరెంటు ఇవ్వలేదు. ఆవిడ ఇక ఎవర్నీ పిలవాల్సిన పని లేదు. అయినా రెండయ్యేసరికి నా చెవి అటే ఉంటుంది.