నవ్వే మొహం వచ్చిన ఇల్లు

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే ఆసుపత్రిలో పని అని చెప్పి ఊరుకుంటాను. అడిగినవాళ్ళ కళ్ళల్లో కాస్త గౌరవం కనబడుతుంది. నర్సు అనుకుంటారో, అంతకంటే పెద్దదేదైనా అనుకుంటారో, నేను మాత్రం సరిదిద్దను. నిజానికి నేను చేసేది ఫోన్లు. మా దగ్గర వైద్యం చేయించుకుని ఇంటికెళ్ళినవాళ్ళకి ఫోన్ చేసి, ఆయాసం తగ్గిందా, మందులు వేళకి వేసుకుంటున్నారా, మా సేవకి పదికి ఎన్ని మార్కులిస్తారు అని అడిగి, వాళ్ళు చెప్పింది కంప్యూటర్లో ఎక్కించాలి. నూటికి డెబ్బైమంది బదులివ్వాలని పైవాళ్ళ ఆజ్ఞ. ఆ డెబ్బై రాకపోతే నెలాఖరున మా సూపర్వైజరమ్మ మొహం చూడలేం.

జనం ఊరికే బదులివ్వరు కదా. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారు. మాకు జుట్టు అందిన రోజు లేదు, కాళ్ళతోనే కాలక్షేపం. అందుకోసం నేనో గొంతు తయారు చేసుకున్నాను. అందులో తేనె, వినయం, కాస్త జలుబు చేసినట్టు మెత్తదనం అన్నీ ఉంటాయి. మా ఆయన ఒకసారి పొరపాటున ఆ గొంతు విని, "నాతో ఎప్పుడూ ఇలా మాట్లాడలేదేం?" అన్నారు.

"మీరూ ఓసారి డిశ్చార్జి అయి రండి, రోజూ ఇలాగే మాట్లాడతాను" అన్నాను.

మా గదిలో ఓ పద్ధతి ఉంది. అన్నిటికీ పదికి పది ఇచ్చేవాళ్ళని మేం పుణ్యాత్ములు అంటాం. వాళ్ళని నమ్మం. ఫోన్ త్వరగా పెట్టేయాలనో, మళ్ళీ ఆ డాక్టరు దగ్గరికే పోవాలి కదా అనో, మొహమాటంతోనో పది అనేస్తారు. అలాంటివాళ్ళకి నాలుగు రోజులాగి మళ్ళీ చేసి, ఎలా ఉన్నారని అడక్కుండా, నిన్న ఏం చేశారని అడుగుతాం. ఒక పెద్దాయన అలాగే పదులన్నీ ఇచ్చేసి, నిన్నటి సంగతి అడిగేసరికి, పడుకుంటే ఊపిరాడక కుర్చీలోనే కూర్చుని నిద్రపోయానని చెప్పాడు. వెంటనే పిలిపించి ఆసుపత్రిలో చేర్చుకున్నారు. కొత్తగా చేరినవాళ్ళకి ఈ కథ నేనే చెబుతాను, నడుం మీద చెయ్యేసుకుని మరీ. "మంచి జవాబు వచ్చిందంటే భయపడాలమ్మా" అంటాను. నా గొప్పతనం నాకే ముద్దొచ్చేది.

మా ఆయన నాకు తగినవారే. కరెంటాఫీసులో పని. ఇళ్ళల్లో వాడకం ఎలా తగ్గించాలా అని అక్కడ ఓ ప్రయోగం మొదలుపెట్టారు. వంటింటి గోడకి చిన్న పెట్టె బిగిస్తారు. వాడకం తక్కువగా ఉంటే అందులో ఆకుపచ్చ దీపం, పెరిగితే పసుపు, మరీ మించితే ఎరుపు. నెలకోసారి ఓ కాగితం వస్తుంది. చుట్టుపక్కల ఇళ్ళకంటే తక్కువ వాడితే దాని మీద నవ్వే మొహం, ఎక్కువ వాడితే ఏడుపు మొహం. ఇంట గెలిచి రచ్చ గెలవాలని మొట్టమొదటి పెట్టె మా ఇంట్లోనే పెట్టారు.

ఇక మా బతుకు చూడాలి. ఫ్రిజ్ తలుపు తీసి ఆలోచిస్తూ నిలబడితే వెనకనుంచి దగ్గు వినబడేది. ఆయన లైటు వెయ్యకుండా గడ్డం గీసుకుని, చెంపమీద గాటుతో ఆఫీసుకెళ్ళి, పిల్లి గీరిందని చెప్పారట. మాకు పిల్లి లేదు. నేనేమన్నా తక్కువ తిన్నానా? ఇస్త్రీ మానేసి, చీరలు మడతపెట్టి పరుపు కింద పెట్టి పడుకునేదాన్ని. మొదటి నెలే నవ్వే మొహం వచ్చింది.

అందరికంటే సంతోషించింది మా అత్తయ్య. ఆవిడ పత్తి మిల్లులో పనిచేసి, ఆ దూదిపొడి పీల్చి పీల్చి, ఒక్కగానొక్క కొడుకుని చదివించిన మనిషి. ఆవిడ జన్మలో ఎవరూ ఆవిడకో కాగితం మీద మెప్పు రాసివ్వలేదు. నవ్వే మొహాన్ని మంచం పక్క గోడకి అంటించుకుని, పక్కింటి దర్జీ అమ్మాయిని పిలిచి చూపించింది. "చూశావా, మావాడికి వచ్చింది. నలుగురిలో ఫస్టు."

ఆ తర్వాత ఆవిడకి ఊపిరితిత్తులు మొరాయించాయి. మా ఆసుపత్రిలోనే కొన్నాళ్ళు ఉంచి, ఇంట్లో పెట్టుకోమని ఆక్సిజన్ మిషను రాసిచ్చారు. రోజులో ఎక్కువసేపూ, నిద్రలోనూ ముక్కులో గొట్టం ఉండాలి, మానితే మళ్ళీ మంచం పట్టడమే, ఈసారి లేస్తారని చెప్పలేం అని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. మిషను వచ్చింది. ఇల్లంతా హోరు. పెట్టెలో దీపం పసుపుకి మారి అక్కడే కూర్చుంది. ఆ నెల ఏడుపు మొహం వచ్చింది.

మేం ఏమీ అనలేదు. కాగితం చూసుకుని, బల్లమీద పెట్టి, భోజనానికి లేచాం. ఈ మాట ఎవరిముందైనా చెప్పుకోగలననే అనుకునేదాన్ని.

మరుసటి నెల మళ్ళీ నవ్వే మొహం! ఆయన కాగితం పట్టుకుని గంతేశారు. నేను చప్పట్లు కొట్టాను. ఐస్‌క్రీము తెచ్చుకుని ముగ్గురం తిన్నాం. ఇంట్లోకి కొత్త మిషను వచ్చింది, అది రోజంతా నడవాలి, అయినా వాడకం తగ్గింది. ఎక్కడ తగ్గిందో అడగాలని, కొలవడమే ఉద్యోగమైన మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. అదే వారం మా ఆఫీసు నుంచి అత్తయ్యకి ఫోన్ వెళ్ళింది. సొంతవాళ్ళకి మేం చెయ్యకూడదు కాబట్టి నా పక్క సీటతను చేశాడు. అన్నిటికీ పదికి పది ఇచ్చిందట. "మీ అత్తగారు బంగారమండీ" అన్నాడు. నేను పొంగిపోయాను. గురివింద గింజకి తన కింద నలుపు కనబడదంటారే, ఆ గింజకి పైగా ఉద్యోగం కూడా ఉంటే నాలాగే ఉంటుంది.

మధ్యమధ్య ఆవిడ స్నానాల గదికి వెళ్తూ దారిలో గోడ పట్టుకుని ఆగేది. "ఏంటత్తయ్యా?" అంటే "వయసు" అనేది. సరే అని నేను నా పనిలో పడిపోయేదాన్ని.

ఒకరోజు మా ఆఫీసు గదిలో వైరేదో కాలి ఫోన్లన్నీ మూగబోయాయి. మధ్యాహ్నమే ఇళ్ళకి పొమ్మన్నారు. గేటు పక్కింటి పిల్లలు తీసే పెట్టారు, చప్పుడు లేకుండా లోపలికొచ్చాను. వంటింట్లో మంచినీళ్ళు తాగుతూ పెట్టె వంక చూస్తే ఆకుపచ్చ. ప్రాణం లేచొచ్చింది. ఆయనకి చెప్పి మురిపిద్దామని ఫోన్ తీశాను కూడా.

నంబరు నొక్కబోతుంటే ఫ్రిజ్ మోత వినబడింది. అది వినబడకూడదు. మిషను నడుస్తుంటే ఆ హోరులో మా ఇంట్లో ఫ్రిజ్ మోత ఎప్పుడూ వినబడదు. మిషను నడుస్తుంటే దీపం ఆకుపచ్చగా ఉండదు.

గ్లాసు అక్కడే వదిలేసి పరుగెత్తాను. అత్తయ్య కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. ముక్కులో గొట్టం చక్కగా పెట్టుకుంది. గొట్టం రెండో కొస మిషనుకే ఉంది. మిషను ఆగి ఉంది. ఆవిడ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, పెదాలు నేరేడు పండు రంగుకొచ్చాయి. నన్ను చూడగానే చెయ్యి స్విచ్చు మీదికి పోయింది.

"వచ్చేశావా అమ్మాయ్... ఇప్పుడే... ఇప్పుడే ఆపాను..."

స్విచ్చు నేనే వేశాను. ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూపే క్లిప్పు ఆవిడ వేలికి పెట్టాను. అందులో అంకె ఉండాల్సినదానికంటే బాగా కింద ఉంది. భయం వేసినప్పుడు అరవడం నాకు అలవాటు. "ఏంటత్తయ్యా ఇది, పిచ్చా మీకు, చచ్చిపోదామనుకుంటున్నారా" అని అరిచాను, పక్కింట్లో కుట్టుమిషను ఆగిపోయేంతగా. ఇన్నాళ్ళూ దాచుకున్న తేనె గొంతు ఎటు పోయిందో తెలీదు. డాక్టరుగారికి ఫోన్ చేశాను. మిషను వేసి అంకె చూస్తూ ఉండండి, పెరక్కపోతే తీసుకొచ్చేయండి అన్నారు. ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. అంకె ఒక్కొక్కటే పెరుగుతోంది, అదీ బతిమాలించుకుంటూ. నా ఫోన్ అందుకుని ఆయన వచ్చేసరికి పెదాలకి రంగొచ్చింది. హెల్మెట్ కూడా తియ్యకుండా గుమ్మంలోనే నిలబడిపోయారు.

"ఎలా ఉందత్తయ్యా?" అన్నాను.

"బాగానే ఉందమ్మా."

పుణ్యాత్మురాలు. అప్పుడు గుర్తొచ్చింది నాకు నా విద్య. పెరటి చెట్టు మందుకు పనికిరాదని పెద్దలన్నది నిజం కాదు, కోసుకునే తెలివి ఉండాలి. స్టూలు దగ్గరికి లాక్కున్నాను.

"నిన్న మేం వెళ్ళాక ఏం చేశారు?"

ఆవిడ అన్నీ చెప్పుకొచ్చింది. మేం గడప దాటగానే ఆపేస్తుందట. గేటు చప్పుడైతే వేస్తుందట. మేం నిద్రపోయాక మళ్ళీ ఆపడమే. గొట్టం మాత్రం ముక్కులోనే ఉంచుకుంటుంది, దర్జీ అమ్మాయి కిటికీలోంచి చూసి నాకు చెప్పేస్తుందని.

"ఎందుకమ్మా?" ఆయన ఒకడుగు లోపలికి వేశారు. "కరెంటు ఎక్కువవుతోందని మేం ఎప్పుడైనా ఒక్క మాటన్నామా?"

"అనలేదు నాన్నా. ఆ ఏడుపు మొహం కాగితం వచ్చిన రోజు అది చూసి ఇద్దరూ ఒక్కసారే నా గదివైపు చూశారు. అంతే."

నాకు గుర్తు లేదు. ఆయనకీ లేదు. కానీ చూసే ఉంటాం. నేను ఆ చూపుని ఊహించుకోగలను, ఎందుకంటే అది నా చూపే. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆవిడే నా వీపు నిమిరింది.

కళ్ళు తుడుచుకుని, మొదలుపెట్టిన పని పూర్తిచెయ్యాలి కదా అని ఆఖరి ప్రశ్న కూడా అడిగాను. "మా ఇద్దరికీ పదికి ఎన్నిస్తారత్తయ్యా?"

"నిజం చెప్తే ఏమీ అనుకోవుగా?"

"అనుకోను."

"నాలుగు."

హెల్మెట్‌లోంచి ఆయన "నాలుగా?" అన్నారు.

"మరి మా ఆఫీసువాళ్ళకి అన్నిటికీ పది ఇచ్చారటగా?" అన్నాను.

"వాళ్ళు పరాయివాళ్ళే అమ్మాయ్. పరాయివాళ్ళ మనసు కష్టపెడతామా?"

ఆయన స్క్రూడ్రైవరు తెచ్చి పెట్టె పీకేస్తానన్నారు. కష్టపడి బిగించావు, ఉండనీ అంది ఆవిడ. వైద్యం మిషన్లున్న ఇళ్ళని మిగతా ఇళ్ళతో పోల్చకూడదని ఆయన ఆఫీసులో ఓ ఫైలు పెట్టారు. అదింకా కదులుతోంది, దానికీ ఆయాసమే. ఈలోగా మా దీపం పసుపులోనే ఉంటోంది. నేను ఇస్త్రీ మొదలుపెడితే ఎర్రబడుతుంది కూడా. నా చీరలు మాత్రం మళ్ళీ మనుషుల చీరల్లా ఉన్నాయి.

మొన్న కాగితం వచ్చింది. ఏడుపు మొహం, ఈసారి ఇంకాస్త పెద్దది. ఈసారి మేం ఎటూ చూడలేదు, తిన్నగా తీసుకెళ్ళి ఆవిడ చేతికే ఇచ్చాం. అత్తయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వే మొహం పక్కనే అంటించమంది. కిటికీలోంచి దర్జీ అమ్మాయిని పిలిచింది.

"చూశావా? ఇది నాకొచ్చింది. నేను పీల్చే గాలికి."

"మా ఇంటికి నవ్వే మొహం వచ్చింది పిన్నిగారూ!" అంది ఆ అమ్మాయి ఉత్సాహంగా.

అత్తయ్య ముక్కులో గొట్టం సర్దుకుంది. "అయితే తొందరగా ఇంటికి పో. అందరూ సరిగ్గా ఊపిరి తీసుకుంటున్నారో లేదో చూసుకో."