ఖాళీ కుర్చీకి కరక్ ఛాయ్

మూతికి మాస్కు తగిలించుకుని తిరిగిన ఆ రోజుల్లో మనుషులకు తెలివి కాస్త తక్కువగా ఉండేదేమోనని నాకిప్పటికీ అనుమానం. ఊరందరి సంగతీ నాకెందుకు గాని, నాకైతే తక్కువే. అప్పుడు నేను అబుదాబి శివార్లలో ఒక మున్సిపల్ ఆఫీసులో ఛాయ్ పెట్టేవాణ్ణి. ఆఫీసు సర్కారుది, నేను మాత్రం కాంట్రాక్టు కంపెనీ మనిషిని. మా కంపెనీలో ఎవడైనా సెలవు మీద ఊరికి పోతే, వాడి విమానం లేవకముందే వాడి స్టూలు మీద ఇంకొకడు కూర్చునేవాడు. తిరిగొచ్చినవాణ్ణి ఏ గోదాములోనో మూటలు మోయడానికి తోలేవారు. అందుకే జగిత్యాల నుంచి ఇంటివాళ్ళు ఎన్నిసార్లు రమ్మన్నా నేను కదల్లేదు. ఆ చల్లటి వంటగది, ఆ స్టూలు, ఆ యాలకుల డబ్బా చెయ్యి జారిపోతాయని నా భయం.

పర్మిట్ల సెక్షన్‌లో ఒక అరబ్బు కుర్రాడు ఉండేవాడు. మేము చిన్న సార్ అనేవాళ్ళం. మిగతావాళ్ళంతా గోడకు చెప్పినట్టు ‘ఛాయ్’ అని ఊరుకుంటే, ఆయనొక్కడే నన్ను పేరు పెట్టి పిలిచేవాడు (పేరు నోట్లో సగమే పలికేది, అయినా పిలిచేవాడు). పొద్దున్నే ఆయన టేబుల్ మీద చిక్కటి కరక్ ఛాయ్, పళ్ళెంలో ఖర్జూరాలు, చిన్న కుంపటిలో బుఖూర్ పొగ ఉండాలి. బుఖూర్ అంటే మన సాంబ్రాణికి మేనమామ కొడుకు వరస. ఆ దేశంలో కుర్రాళ్ళంతా కొన్నాళ్ళు ఫౌజులో, అంటే సైన్యంలో, పనిచేసి రావాలి. ఒకరోజు చిన్న సార్‌కు కూడా పిలుపొచ్చింది, వెళ్ళిపోయాడు.

ఇక ఆయన కుర్చీ కూడా పోయినట్టేనని నాకు దిగులు పట్టుకుంది. జీతాల సెక్షన్‌లో హైదరాబాదీ చాచా ఒకాయన ఉండేవాడు. వెళ్ళి అడిగాను.

“పరేషాన్ గాకు బేటా,” అన్నాడాయన. “ఆయన ఫౌజుల ఉన్నన్ని దినాలు జీతం నడుస్తది, సెలవులు నడుస్తయి, కుర్చీ గట్లనే ఉంటది. ఈడ కూసున్నట్టే లెక్క. ఒక్కటి గూడ తక్కువ గావద్దు, అది కానూన్.”

నోరు తెరిచి విన్నాను. మనిషి లేకపోయినా కుర్చీ ఉండటమా? అంత గొప్ప కానూనుకు నా వల్ల మచ్చ రాకూడదనుకున్నాను. జీతం సంగతి సర్కారు చూసుకుంటుంది, మరి ఛాయ్ సంగతి చూడాల్సింది నేనే కదా. మర్నాటి నుంచి ఖాళీ కుర్చీ ముందు వేడి వేడి కరక్ పెట్టాను, ఖర్జూరాలు పెట్టాను, బుఖూర్ వెలిగించాను. ఎవరైనా ఆ కుర్చీలో కూలబడతారేమోనని, ఒంటె పక్కన నిలబడి ఆయన తీయించుకుని టేబుల్ మీద పెట్టుకున్న ఫోటోను దుమ్ము తుడిచి, వచ్చేవాళ్ళకు కనబడేట్టు ముందుకు తిప్పాను. సెక్షన్‌లోవాళ్ళు ఇదంతా ముదీర్, అదే ఆఫీసు మేనేజరు, చెప్పి చేయిస్తున్నాడనుకున్నారు. ముదీరేమో సెక్షన్‌వాళ్ళు ముచ్చటపడి చేయిస్తున్నారనుకున్నాడు. చల్లారిపోయిన ఛాయ్ మధ్యాహ్నం నేనే తాగేవాణ్ణి (పారబోస్తే పాపం కదా).

ఇలా కొన్నాళ్ళు బాగానే సాగింది. అంతలో ఊడ్చే పనికి కొత్తగా నిజామాబాద్ కాక ఒకాయన వచ్చాడు. ఆయన మా సెక్షన్‌లో అడుగు పెట్టగానే చూసింది ఫోటో, దాని ముందు పొగ, పొగ పక్కన తినేది తాగేది, వెనకాల ఖాళీ కుర్చీ. చీపురు గోడకు ఆనించి, చెప్పులు విడిచి, చేతులు జోడించి, “అయ్యో, పసిపోరడు గద,” అన్నాడట. నేను ఛాయ్‌ల హడావిడిలో ఉండి చూడలేదు. కాక ఆ మాట డ్రైవర్‌కు చెప్పాడు, డ్రైవర్ వాచ్‌మన్‌కు చెప్పాడు. నమాజు వేళయ్యేసరికి పై అంతస్తుల వాళ్ళంతా ముదీర్ గది ముందు వరస కట్టి, లోపలికి వచ్చి ఆయన్ను పట్టుకుని ఓదార్చడం మొదలెట్టారు. ఎవరు పోయారో ఆయనకు తెలియదు. మర్యాద కొద్దీ తనూ కళ్ళు తుడుచుకున్నాడు. నలుగురైదుగురు అయ్యాక మెల్లగా పేరు అడిగి, విని, గుండె పట్టుకుని క్యాంపుకు ఫోన్ చేశాడు. చిన్న సార్ నిక్షేపంగా ఉన్నాడనీ, పొద్దున లేటుగా లేచినందుకు ఆ క్షణాన మైదానం చుట్టూ పరిగెడుతున్నాడనీ అక్కడి ఆఫీసరు చెప్పాడు.

తరవాత నన్ను పిలిచారు. ఖలాస్, రేపు ఊరికి టికెట్టే అనుకుంటూ వెళ్ళాను. ముదీర్ అరబ్బీలో గట్టిగా ఏదో అన్నాడు. చాచా తెలుగులో అడిగాడు.

“బతికున్నోనికి ఇదంత ఏంది బేటా?”

“మీరే గద చాచా ఒక్కటి గూడ తక్కువ గావద్దంటిరి,” అన్నాను. “కూసున్నట్టే లెక్క అంటిరి. కూసున్నోనికి ఛాయ్ ఇయ్యకుంటే ఎట్ల?”

చాచా ఆ మాటను అరబ్బీలో చాలాసేపు చెప్పాడు. ముదీర్ మాస్కు వెనక మొహమెలా ఉందో తెలియలేదు గాని, పొట్ట మాత్రం కదలడం మొదలైంది. కాసేపటికి తీర్పు చెప్పాడు. ఛాయ్ కానూనులో లేదట, అయినా ఆపొద్దట. బుఖూర్ మానేసి ఫోటో మాత్రం గోడవైపు తిప్పమన్నాడు.

చిన్న సార్ గుండుతో, నల్లబడి తిరిగొచ్చి, కథంతా విని ఎక్కిళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నవ్వు ఆగాక నువ్వు ఊరికెప్పుడు పోతావని అడిగాడు. స్టూలు భయం దాచుకోకుండా చెప్పేశాను. “యల్లా, జావ్,” అన్నాడు, ఇక బయల్దేరమని. ధైర్యం చేసి వెళ్ళాను.

సెలవు అయిపోయి తిరిగొచ్చి, బెదురుతూనే వంటగదిలోకి తొంగి చూశాను. అనుకున్నట్టే కంపెనీ పంపిన మలయాళీ ఒకడు ఛాయ్ మరగబెడుతున్నాడు. నిలబడి. నా స్టూలు ఖాళీగా ఉంది, దాని మీద నిండా ఛాయ్ పోసిన గ్లాసు, పక్కన ఒక ఖర్జూరం. చిన్న సార్ రోజూ పెట్టిస్తున్నాడనీ, స్టూలు మీద కూర్చోనివ్వడం లేదనీ, నిలబడి నిలబడి తన కాళ్ళు పోయాయనీ ఆ మలయాళీ నా మీద విరుచుకుపడ్డాడు. ఇంతలో చిన్న సార్ తలుపు దగ్గరకొచ్చి తన వచ్చీరాని హిందీలో, “తుమ్ ఛుట్టీ మే, ఛాయ్ ఛుట్టీ మే నహీ,” అన్నాడు. నువ్వు సెలవులో ఉన్నావు గాని, నీ ఛాయ్ సెలవులో లేదని. నేను ఏడ్చేశాను. ఆ ఛాయ్‌లో యాలకులు తక్కువయ్యాయి, అయినా చివరి బొట్టుదాకా తాగాను.

ఇప్పుడు అబుదాబి పక్కనే బనియాస్‌లో ఒక చిన్న ఛాయ్ దుకాణం నేనే నడుపుతున్నాను. స్టూలు కోసం అంతగా వణికిన ఆనాటి నాలోని పిల్లవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తాడు. నా దగ్గర పనిచేసేవాడు ఊరికి పోతే, తిరిగొచ్చేదాకా వాడి గ్లాసులో ఛాయ్ పోసి కౌంటరు మీద పెడతాను. ఫోటో మాత్రం పెట్టను.