రాగి చెంబులో జావ

2013లో నన్ను భోగాపురం దగ్గరి తీరపు సెక్టారుకు సూపర్‌వైజరుగా బదిలీ చేశారు. సెక్టారంటే ఇరవై పైచిలుకు అంగన్‌వాడీ కేంద్రాలు. ఒక్కో కేంద్రానికి ఒక కార్యకర్త, ఒక ఆయా. వాళ్ల పైన మేము, మా పైన ప్రాజెక్టు ఆఫీసరు. పైవాళ్ల మాట కిందికి, కిందివాళ్ల లెక్క పైకి మోయడమే సూపర్‌వైజరు పని అని మా ఆఫీసులోనే కొందరు వేళాకోళం చేసేవారు. వింటే నాకు ఒళ్లు మండేది. పిల్లల బరువులు చూడటమే మా అసలు పని.

నెలకోసారి పిల్లల్ని లాగులాంటి సంచిలో కూర్చోబెట్టి, కొక్కేనికి తగిలించి తూచేవాళ్లం. ఆ బరువును గ్రోత్ చార్టు మీద చుక్కగా పెట్టి, చుక్కల్ని గీతతో కలుపుతారు. గీత పైకి పోతుంటే పిల్ల పెరుగుతున్నట్టు. అడ్డంగా సాగితే అనుమానించాలి. దిగితే మాత్రం ఇంటికి వెళ్లి తీరాలి.

ఆ శ్రావణంలో గంగ అనే పదినెలల పిల్ల గీత దిగింది. పసుపు పట్టీలోంచి ఎరుపు అంచుకు వచ్చేసింది. ఎరుపులో పడితే పిల్లనూ తల్లినీ పెద్దాసుపత్రిలోని పోషకాహార వార్డుకు పంపాలి, రెండు వారాలు అక్కడే ఉండాలి. ఆ మాట చెప్పగానే తల్లి నూకాలు మొహం వాడిపోయింది. మొగుడు గుజరాత్ చేపల బోట్ల మీద పనికి వెళ్లాడు. అత్త ఎర్రమ్మ మోకాళ్లు పట్టేసి చేపల గంప దించేసింది. కొత్తగా గంపెత్తింది నూకాలే. తెల్లవారకముందే ఒడ్డున వేలం పాటలో చేపలు కొని, ఆటోలో విజయనగరం వెళ్లి అమ్ముకుని మధ్యాహ్నానికి వస్తుంది. తను వార్డులో కూర్చుంటే ఇంట్లో పొయ్యి వెలగదు.

మర్నాడు కార్యకర్త కుమారితో కలిసి వాళ్లింటికి వెళ్లాను. పిల్ల ఎర్రమ్మ ఒళ్లో తోటకూర కాడలా వేలాడుతోంది. ఏం పెడుతున్నారని అడిగాను. పాలు ఇడిపించేశామని చెప్పింది నూకాలు. అక్కడ తల్లిపాలు మాన్పించడాన్ని అలాగే అంటారు. పది రోజుల కిందట, గంపెత్తే ముందురోజే వేపాకు నూరి రొమ్ములకు రాసుకుందట. పిల్ల ఆ చేదుకు బెదిరి, మళ్లీ దగ్గరికి రాలేదు.

"పిల్ల మానీసింది గానీ నాకు మానలేదు మేడం. బజార్లో కూకుంటే రైక తడిసిపోతాది. గంపకేసి తిరిగి కొంగు కప్పుకుంతన్నాను," అంది.

మా లెక్క ప్రకారం ఆరు నెలలు నిండాక తల్లిపాలతో పాటు అనుబంధ ఆహారం మొదలుపెట్టాలి. పాలు రెండేళ్ల దాకా ఇవ్వవచ్చు. ఒక్కసారిగా ఆపడం తప్పే. అయినా పక్కన తిండి సరిగా ఉంటే పది రోజుల్లో పిల్ల అంతగా చిక్కిపోదు. ఏం పెడుతున్నారని మళ్లీ అడిగాను. "రాగి జావే. మూడు పూటలా ఎడతన్నాం," అంది ఎర్రమ్మ. "తాగిందంతా కక్కీస్తన్నాది."

రాగి జావకు కక్కడమేమిటి? గిన్నె చూపించమన్నాను.

ఎర్రమ్మ కష్టపడి లేచి తెచ్చింది గిన్నె కాదు, రాగి చెంబు. పైన తళతళలాడుతోంది. మూతి ఇరుకు. లోపల చెయ్యి పట్టని చోట పచ్చగా కిలుము పట్టి ఉంది. అందులో పొద్దున కాచి, మజ్జిగ కలిపి, మధ్యాహ్నం దాకా ఉంచిన బియ్యపు నూక జావ. పులుపు తగిలితే రాగి కరిగి జావలో కలుస్తుంది. పిల్ల కడుపులోకి పోతున్నది ఆ విషమే.

ఎందుకిలా చేశావు పెద్దమ్మా అన్నాను. ఆవిడకు కోపం వచ్చింది.

"మీ సెంటర్లో గోడకేటి అంటించినారు? రాగి జావ అని కాదా? ఈ కుమారి సదివి సెప్పింది కూడాను. నా పెళ్లినాటి సెంబు తీసి, సింతపండెట్టి తోమి, అందులోనే కాస్తన్నాను. ఇంకేటి సెయ్యమంటారు?"

నాది పార్వతీపురం వైపు. మా ఇంట్లో కూడా రాగులనే మాట లేదు. చోళ్లు, చోడి పిండి, అంతే. రాగి అన్నది ఆఫీసు మాట. "రాగంటే సెంబు కాదు పెద్దమ్మా, సోళ్లు," అన్నాను.

ఎర్రమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "సోడి అంబలా? దినం మేం తాగేదే కదా. దానికి అంత పేరెట్టాలేటి?"

కుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకూ నవ్వాగలేదు. నూకాలు మాత్రం నవ్వలేదు. పిల్లను గుండెకు హత్తుకుని, "బతుకుతాదా మేడం?" అంది. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాం. డాక్టరు పిల్లను చూసి, ప్రమాదం లేదు, ఇంక ఆ చెంబు ముట్టుకోవద్దన్నారు. ఓఆర్‌ఎస్ పొట్లాలు ఇచ్చారు. అక్కడి బల్ల మీదే నూకాలును కూర్చోబెట్టి, రొమ్ము కడుక్కుని పిల్లకు పట్టమన్నాను. పిల్ల మొహం తిప్పేసుకుంది. చేదు ఇంకా గుర్తుంది దానికి. నూకాలు ఏడవసాగింది. ఒక చుక్క పిండి పిల్ల పెదవికి రాయమన్నాను. పిల్ల నాలుకతో తాకి చూసింది. మరో చుక్క రాసింది. మూడోసారి తనే వెతుక్కుంటూ వచ్చి అందుకుంది. నూకాలు ఏడుపు ఆగలేదు, కానీ అది వేరే ఏడుపు.

తర్వాత పాలు మాన్పించే పని పద్ధతిగా నడిచింది. గంపెత్తే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి, పడుకునేటప్పుడు ఒకసారి పాలు. మధ్యలో నానమ్మ చేతి అంబలి. చోళ్లు మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి తిరగలిలో విసిరిన పిండి. మజ్జిగ బదులు కాస్త బెల్లం. చెంచా వంచితే జారిపోనంత చిక్కగా ఉండాలని చెప్పాను. దీపావళి దాటేసరికి గీత పసుపు దాటి ఆకుపచ్చలోకి ఎక్కింది. వార్డు మాట మళ్లీ రాలేదు. రెండో ఏడు నిండేలోపు గంగ ఒక్కో పూట పాలు తనంతట తనే మరిచిపోయింది.

ఒక పొద్దున నేను వెళ్లేసరికి నూకాలు గంపతో గుమ్మం దిగుతోంది. గంగ అరుగు మీద కూర్చుని, ఒళ్లంతా పూసుకుంటూ సొంతంగా అంబలి తింటోంది. "నానెల్తన్నానే," అంది నూకాలు. పిల్ల తలెత్తలేదు. "సూసినారా మేడం, నానక్కర్లేదట," అంటూ నవ్వింది, వీధి చివరి దాకా వెనక్కి తిరిగి చూస్తూనే వెళ్లింది.

గోడ మీది పోస్టరును నేను తీయించలేదు, అది మా శాఖవారిది. కాకపోతే రాగి పక్కన కుమారి చేత పెద్ద అక్షరాలతో "చోడి" అని రాయించాను. రిటైరయ్యేదాకా ఏ తల్లినీ "అర్థమైందా" అని అడగలేదు. ఆ ప్రశ్నకు అందరూ తలూపుతారు. వండిన గిన్నె తెచ్చి చూపించమనేదాన్ని.